చేతులు జేబుల్లో

హెడ్మాస్టరు తాళంచెవి నా చేతిలో పెట్టి
తన నెత్తిమీది బరువు దింపుకున్నాడు.
గది నిండా సోవియట్ కాలపు గ్యాస్ మాస్కులు,
నూట పన్నెండు, లెక్కపెట్టాను.
అన్నీ ఖాళీ కళ్లతో నన్నే చూస్తున్నాయి.
బస్తాల్లో కుక్కి, మూలకు నెట్టి,
పొయ్యి రాజేసి
తలుపుకి కాగితం అంటించాను:
"రోబోలు చేద్దాం. రండి."

అంతకుముందు నేను నరిన్‌లో ట్రాక్టర్లు బాగుచేసేవాణ్ణి.
రోబో అంటే నాకూ సినిమాల్లో చూసిందే.

ఏడుగురు వచ్చారు.
ఐజిరెక్ నోటుబుక్కుతో వచ్చింది.
నుర్తిలెక్, బెగాయిమ్ పోట్లాడుకుంటూ వచ్చారు,
ఇప్పటికీ ఆపలేదు.
తోక్తోసున్ పొయ్యి కోసం వచ్చాడు, దాచుకోలేదు కూడా.
"మా ఇంటికంటే ఇక్కడ వెచ్చగా ఉంది, అగాయ్" అన్నాడు.
మా వైపు మేష్టారిని అలాగే పిలుస్తారు.
ఆ పిలుపు నాకింకా కొత్త చొక్కాలా గరగరలాడేది.

పెట్టెలో వచ్చిన పుస్తకం చైనా భాషలో ఉంది.
బొమ్మలు చూసి బిగించాం.
ఏది ముందో ఏది వెనకో తేలక
మా మొదటి రోబో రాజుగారి ముందు సేవకుడిలా
వెనక్కి మాత్రమే నడిచింది.

నా చేతులకు ఓర్పు లేదు.
ముప్పై ఏళ్లు ఇంజన్ల కడుపుల్లో బతికిన చేతులు.
బెగాయిమ్ స్క్రూని వంకరగా ఎక్కిస్తుంటే
నా వేళ్లలో చీమలు పాకేవి.
"ఇలా ఇవ్వు" అని లాక్కున్న ప్రతిసారీ
ఎవరో ఒకరు కిటికీ వైపు తిరిగేవారు.
అది కనిపెట్టడానికి నాకు అక్టోబరంతా పట్టింది.
నవంబరు నుంచి చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

జనవరి చలికి బ్యాటరీలు గంటలో చచ్చేవి.
పిల్లలు వాటిని చంకల్లో పొదువుకుని
గుడ్లు పొదిగే కోళ్లలా
కదలీ కదలక బడికి వచ్చేవారు.

తోక్తోసున్ మాత్రం ఏదీ ముట్టుకోలేదు.
ఒకరోజు, పొయ్యి దగ్గర్నుంచి, తల తిప్పకుండానే,
"ఎడమ పక్క కుంటుతోంది."
"ఎవరు?"
"అదే. డెక్కలో రాయి ఇరికినప్పుడు
మా గుర్రం ఇలాగే నడిచింది."
విప్పి చూస్తే పళ్లచక్రానికి ఒక పన్ను లేదు.
మర్నాటికి వాడి కుర్చీ
బల్ల దగ్గరికి వచ్చి ఉంది.
ఎవరూ జరపలేదు.

మార్చిలో దోలోన్ కనుమ దాటి బిష్కెక్ వెళ్లాం.
రోబో ఐజిరెక్ ఒళ్లో కూర్చుని వచ్చింది.
రాత్రి హాస్టల్లో పిల్లలు నిద్రపోయారు.
నాకు జేబులు ఇరుకయ్యాయి.
ఒక్కసారి, బిగుతు చూద్దామని, అంతే.

పొద్దున్న, పోటీ.
నేల మీద పసుపు టేపు.
నేర్పినవాళ్లు అది దాటకూడదు.
మా రోబో గీత పట్టుకుని నడిచింది,
దిమ్మెను ఎత్తింది,
రెండో మలుపులో
ఎడమ చక్రం ఊడి
తన దారి తాను చూసుకుంటూ దొర్లిపోయి
జడ్జి బూటు దగ్గర పడుకుంది.

ఎవరో నవ్వారు.
చేతుల్ని జేబుల్లోకి ఇంకా లోతుగా తోశాను.
వేలికి తగిలింది,
చిన్నగా, చల్లగా,
స్క్రూ.

ట్రాక్టర్ల షెడ్డులో ఇలాంటిదే ఒక తప్పు
ఒక కుర్రాడి మీదికి తోసేశాను.
వాడి పేరు ఇప్పటికీ గుర్తుంది.

తిరుగుదారిలో అరచెయ్యి తెరిచి చూపించి
గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.
రెండు కిలోమీటర్లు వ్యాను మాత్రమే మాట్లాడింది.
నుర్తిలెక్, బెగాయిమ్ కూడా
పోట్లాడుకోవడం మరిచారు.
ఐజిరెక్ నోటుబుక్కు తెరిచింది.

లోపం: చక్రం ఊడింది.
కారణం: అగాయ్.
పరిష్కారం:

"ఇక్కడేం రాయను?" అంది.
వెనక సీట్లోంచి తోక్తోసున్ అన్నాడు,
"రాత్రిళ్లు గదికి తాళం.
తాళంచెవి నా దగ్గర."

ఇచ్చాను. స్క్రూ కూడా.
పేజీ కింద సంతకం పెట్టమంది.
వ్యాను కుదుపుకి అక్షరాలు వంకరపోయాయి.
దిద్దబోయి
ఆగాను.